ఉప్పుగాలిలో తుపాకీ కొట్టు

గిలకలదిండిలో ఇనుము ఎక్కువ కాలం నిలవదు. ఒకవైపు పాయ, మరోవైపు ఉప్పు కయ్యలు, ఆ పైన సముద్రం. తలుపు గొళ్లెం కానీ, సైకిలు చైను కానీ, పడవ మేకు కానీ ఒక్క వానాకాలం నూనె చుక్క చూడకపోతే ఎర్రగా పొలుసులు రేగిపోయేది. అలాంటి ఊళ్లో మా చిన్నతాత తుపాకులు బాగుచేసే కొట్టు నడిపాడు. రిపేరు లైసెన్సుని అద్దం ఫ్రేములో పెట్టించి దేవుడి పటం పక్కనే తగిలించాడు. ఏటేటా రెన్యువల్‌కి బందరు వెళ్లేటప్పుడు ఆ ఫ్రేముని తువ్వాలులో చుట్టుకుని చంకలో పెట్టుకుని నడిచేవాడు.

తుపాకులకూ ఈ తీరానికీ ఉన్న సంబంధం చాలా పాతది. మా ఊరికి దగ్గర్లోనే ఉన్న బందరు కోటలో ఆయుధాగారం గోడలు ఇప్పటికీ శిథిలంగా నిలిచి ఉన్నాయి. డచ్చివారు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు అందరూ ఈ రేవు కోసం కొట్టుకున్నవాళ్లే. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ ఆ కోటని ఫ్రెంచివారి చేతుల్లోంచి గుంజుకున్నాడు. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన బందరుని ముంచేశాక రేవూ దిగజారింది, కోటా దిగజారింది. పెద్ద చదువు లేకపోయినా చిన్నతాతకి ఈ సంగతులన్నీ తెలుసు. "కోటలో వాళ్ల తుపాకులూ ఈ గాలికే తుప్పు పట్టాయిరా, మనమెంత" అనేవాడు.

నాకు ఊహ తెలిసేనాటికి, అంటే అరవైల చివర్లో, కొట్టుకి వచ్చేవి ఎక్కువగా పన్నెండు బోరు జంట గొట్టాల తుపాకులు. గుడివాడ వైపు మోతుబరి రైతులవి, కైకలూరు చుట్టుపక్కల చెరువుల వాళ్లవి, దివిసీమలో కొబ్బరితోటల వాళ్లవి. రైఫిళ్లు అరుదు. దానికి కారణం చట్టంలోనే ఉంది. 1962 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన 1959 ఆయుధాల చట్టం, 20 అంగుళాలకి తగ్గని గొట్టం ఉన్న నునుపు గొట్టపు తుపాకీని ఆత్మరక్షణకీ వేటకీ అడిగితే లైసెన్సు ఇవ్వడానికి సుముఖంగా ఉండేది. పంట కాపలాకి మందు కూరే నాటు తుపాకీకీ అంతే. గొట్టం లోపల మెలికల గాళ్లుండే రైఫిల్ కావాలంటే మాత్రం కారణం గట్టిగా చూపించాలి.

కార్తీకం వెళ్లాక కోతలు మొదలయ్యేవి. ఆ వెనకే ఉల్లంకి పిట్టలు మోళ్లలో దిగేవి, పరజలు కొల్లేట్లో వాలేవి. తాటి మానుని తొలిచి చేసిన దోనెలో ఒకడు గడ వేస్తుంటే, ముందు కూర్చున్న షికారీ తెల్లవారుజాము చలిలో తుపాకీ ఒళ్లో పెట్టుకుని చూస్తుండేవాడు. బాతులకి ఆరో నంబరు తూటా, ఉల్లంకికి ఎనిమిదో నంబరు. అప్పటి తూటాలకి కాయితపు గొట్టాలుండేవి. మా గాలికి ఆ కాయితం చెమ్మ పీల్చి ఉబ్బి, తుపాకీలో ఇరుక్కుపోయేది. బియ్యపు డబ్బాలో, బియ్యం మధ్య తూటాలు దాచిన ఇళ్లు నాకు తెలుసు.

కొట్టు ఒక పాక. నడుమ బెంచి వైసు, గోడకి ఆకురాళ్లు. వాటిలో సన్నవి, సూదిముక్కువి చిలకలపూడి నుంచి తెచ్చుకున్నవి. అక్కడి రోల్డ్‌గోల్డ్ పనివాళ్లు గాజుల మీద నగిషీకి వాడే ఆకురాళ్లని చిన్నతాత స్ప్రింగుల మీద వాడేవాడు. మార్కెట్లో దొరికే స్క్రూడ్రైవర్‌ని ఉన్నదున్నట్టు ఆయనెప్పుడూ తుపాకీ మీద పెట్టలేదు. ముందు దాని మొనని సానరాయి మీద అరగదీసి, ఆ స్క్రూ గాడిలో అచ్చంగా కూర్చునేలా చేసుకునేవాడు. పాత ఇంగ్లీషు తుపాకీల స్క్రూ గాళ్లు వెంట్రుకలంత సన్నం. లావు మొన పెట్టి తిప్పితే గాడి చితికిపోతుంది. చితికిన గాడి చూసి, అంతకుముందు ఆ తుపాకీ ఎవరి చేతిలో పడిందో చెప్పగలిగేవాడు.

నాకు బాగా జ్ఞాపకమున్న పని ఒక రైఫిల్ మీద జరిగింది. బందరు ప్లీడరుగారొకరికి వేట పిచ్చి. కోర్టు సెలవుల్లో నల్లమల వెళ్లి అడవిపందిని కొట్టి వచ్చేవారు. ఆయనది త్రీ వన్ ఫైవ్. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారైనది. సైన్యం వాడే త్రీ నాట్ త్రీ తూటా మామూలు జనం దగ్గర ఉండకూడదు కాబట్టి, అదే లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ పద్ధతిలో వేరే తూటా పట్టేలా పౌరుల కోసం చేసిన రైఫిల్ అది.

"మేస్త్రీ, ట్రిగ్గర్ పట్టేస్తోందయ్యా. నొక్కితే గరగరమంటూ వస్తోంది, వదిలితే సగంలో ఆగిపోతోంది. ఎండాకాలం మాత్రం వెన్నలా ఉంటుంది. శ్రావణం రాగానే మొదలు" అన్నారు.

"జబ్బేంటో తమరే చెప్పేశారు బాబుగారూ. ఇనుముకి శ్రావణమాసం తెలీదు. కర్రకి తెలుస్తుంది" అన్నాడు చిన్నతాత.

అయినా వెంటనే కర్ర జోలికి పోలేదు. ముందు బోల్టు తీసి పక్కన పెట్టాడు. మేగజైను తీశాడు. గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో చిటికెన వేలు పెట్టి తడిమి, తరవాత నన్నూ పెట్టమన్నాడు. "కళ్లు మోసం చేస్తాయిరా, వేలు మోసం చెయ్యదు." ప్లీడరుగారి చేత కూడా ఆ పని చేయించాడు. ఎంత పెద్దమనిషి వచ్చినా, తుపాకీ ఖాళీ అని ఎంత గట్టిగా చెప్పినా, ఆ తంతు జరిగాకే స్క్రూ తిప్పేవాడు.

ఆ తరవాత కాటా. హార్బరులో రొయ్యలు తూచే స్ప్రింగు కాటా ఒకటి కొట్టులో ఉండేది. దాని కొక్కేన్ని ట్రిగ్గర్‌కి తగిలించి మెల్లగా లాగి, ఎంత బరువు దగ్గర కదులుతోందో చూసేవాడు. ఆ జాతి రైఫిల్లో ట్రిగ్గర్ రెండు అంచెల్లో కదులుతుంది. మొదటి అంచెకి 3 నుంచి 4 పౌన్లు, రెండో అంచెకి 5 నుంచి 6.5 పౌన్లు పట్టాలి. మొదటిది వేలికి హెచ్చరిక, రెండోది పేలుడు. ప్లీడరుగారి రైఫిల్లో ఆ రెండింటి మధ్య తేడా చెరిగిపోయి, ముల్లు అంతటా వణుకుతూ పోతోంది.

కర్ర విప్పాక చూపించాడు. ఆ రైఫిల్లో ట్రిగ్గర్ కింది గార్డుకి వేలాడుతుంది. అది తాకి కదల్చాల్సిన సియర్ మాత్రం పైన రైఫిల్ ఒంటికి బిగించి ఉంటుంది. సియరే సూదిని వెనక్కి పట్టి ఉంచేది. ఈ రెండింటికీ నడుమ ఉన్నది కర్ర. అది ఉబ్బితే గార్డు కిందికి జరుగుతుంది, ట్రిగ్గర్ సియర్‌కి దూరమవుతుంది. ఎండితే దగ్గరవుతుంది. ఈ దూరం మారకుండా ఉండాలనే, గార్డు ముందు స్క్రూ చుట్టూ కర్ర లోపల ఒక చిన్న ఇనప గొట్టాన్ని ఆ రైఫిల్ కట్టినవాళ్లు పెట్టారు. స్క్రూ ఎంత బిగించినా బరువంతా ఆ గొట్టం మీద ఆగుతుంది, కర్ర మీద పడదు. ప్లీడరుగారి రైఫిల్లో ఆ గొట్టం లేదు. అంతకుముందు ఎక్కడో ఎవరో విప్పినప్పుడు జారిపోయి ఉంటుంది. అదేమిటో తెలియని చేతులు అది లేకుండానే బిగించేశాయి.

"అయితే ఎండాకాలం బాగానే ఉంటోంది కదా?" అన్నారు ప్లీడరుగారు.

చిన్నతాత మొహం గంభీరమైంది. "బాగుండటం కాదు బాబుగారూ. అప్పుడే తమరు గండం పక్కన పడుకుంటున్నారు. కర్ర ఎండి కుంచించుకుపోతే ట్రిగ్గర్ వెళ్లి సియర్‌ని ఆనుకుంటుంది. మొదటి అంచె మాయమైపోతుంది. చెయ్యి తగలకుండానే, ఒక కుదుపుకే పేలొచ్చు. వానాకాలంలో పట్టేసి మొరాయించడమే నయం. అది చెప్పి చేసే రోగం."

ఆ మాట నాకు ఆనాటికి పూర్తిగా అర్థం కాలేదు. తరవాత పడవ ఇంజన్ల పనిలో పడ్డాక అర్థమైంది. శబ్దం చేసే లోపం కంటే, హాయిగా నడుస్తున్నట్టు కనిపించే లోపాన్ని పట్టుకోవడమే మేస్త్రితనం.

గొట్టం కొత్తది చేశాడు. ఒక ఇనప కడ్డీని తొలిచి, కొంచెం పొడవుగానే కోసి, ఆకురాయితో ఒక్కో తడవా కాస్త కాస్త రాస్తూ, పెట్టి చూస్తూ, తీస్తూ. అది రోజంతా సాగింది. తరవాత గరగర సంగతి. లాంతరు చిమ్నీ మసిని గీకి, చుక్క నూనెలో కలిపి, ట్రిగ్గర్ రెండు చెక్కిళ్లకీ గార్డు లోపలి అంచులకీ పలచగా పూశాడు. రైఫిల్ మళ్లీ బిగించి, ట్రిగ్గర్‌ని నాలుగైదు సార్లు ఆడించి, మళ్లీ విప్పాడు. కర్రలో ట్రిగ్గర్ కదిలే సందు గోడ మీద ఒకచోట నల్లటి మరక. అక్కడే రాసుకుంటోంది. చిన్న ఉలితో ఆ మరక ఉన్నంత మేరకే గీకాడు. మళ్లీ మసి, మళ్లీ బిగింపు, మళ్లీ విప్పు. మరక పడటం ఆగిపోయేదాకా ఇదే పని. మరక లేని చోట ఉలి అంచు కూడా తగలనివ్వలేదు. చివర్న కర్ర లోపలి వైపంతా అవిసె నూనె పట్టించి ఎండబెట్టాడు, వచ్చే వానాకాలానికి చెమ్మ పీల్చకుండా.

అన్నీ అయ్యాక కాటా ముల్లు రెండు చోట్ల స్పష్టంగా ఆగింది. ఖాళీ రైఫిల్‌ని ఎక్కుపెట్టి, మడమని గోనెసంచి పరిచిన నేల మీద దబదబా కొట్టాడు. సూది జారలేదు. అప్పుడు గానీ ప్లీడరుగారి చేతికివ్వలేదు.

ట్రిగ్గర్ పట్టేసిన ప్రతి తుపాకీకీ ఇంత కథ ఉండేది కాదు. చాలావాటికి కారణం ఇంట్లో వాడే నూనెలే. బండి ఇరుసుకి పూసినట్టు తుపాకీకీ ఆముదం పూసేవాళ్లు, లేకపోతే కొబ్బరినూనె. కొన్నాళ్లకి అది దుమ్ముతో కలిసి బంకలా గడ్డకట్టి లోపలి భాగాలని పట్టేసేది. కిరసనాయిల్లో నానబెట్టి, గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేస్తే కదిలేది. ఒక్క చుక్కే. ఎక్కువ నూనె కర్రలోకి దిగి దాన్ని మెత్తబరుస్తుందని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. ఒకసారి ఘంటసాల వైపు నుంచి వచ్చిన జంట గొట్టాల తుపాకీలో ట్రిగ్గర్ వెనకంతా కందిరీగ మట్టిగూడు కట్టేసింది.

ఆయన కచ్చితంగా చెయ్యనన్న పని ఒకటుంది. ట్రిగ్గర్ బరువుగా ఉంది, కాస్త తేలిక చెయ్యమని అడిగేవాళ్లు. సియర్ ముక్కునీ, అది కూర్చునే గాడినీ ఆకురాయితో నాలుగు గీతలు రాస్తే తేలికైపోతుంది. కానీ ఆ ముక్కుకి పైపొర మాత్రమే గట్టిది, లోపలంతా మెత్తటి ఇనుము. పైపొర పోతే కొన్నాళ్లలోనే అరిగి, తుపాకీ తనంతట తాను పేలుతుంది. "దానిమీద ఆకురాయి పెట్టినవాడు హంతకుడితో సమానం" అనేవాడు. డబ్బెక్కువ ఇస్తామన్నా ఆ తుపాకీని అలాగే తిప్పి పంపేసేవాడు. ఈ విషయంలో ఆయన మాటే సరైనదని నేనిప్పటికీ నమ్ముతాను.

1977 నవంబరు 19. ఆ తేదీ మా వైపు ఎవరికీ చెప్పక్కర్లేదు. దివిసీమ మీద సముద్రం లేచి పడింది. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ వైపు ఊళ్లకి ఊళ్లు కొట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది చనిపోయారు. వారాల తరవాత కొట్టుకి తుపాకులు రావడం మొదలైంది. గోనెసంచుల్లో, ఒండ్రుమట్టితో, గొట్టాల్లో ఇసుకతో. తెచ్చినవాళ్లలో కొందరి ఇంట్లో మనుషులు మిగల్లేదు, తుపాకీ దొరికింది. అది బాగుపడాలని ఎందుకంతగా అడుగుతున్నారో వాళ్లకీ తెలిసినట్టు లేదు. చిన్నతాత ఎవరినీ ఏమీ అడగలేదు. డబ్బూ అడగలేదు.

అప్పుడు నేర్చుకున్నాను, ఉప్పునీళ్లలో మునిగిన తుపాకీకి ముందు నూనె పెట్టకూడదని. ఉప్పు నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. ఉప్పు మీద నూనె పూస్తే తుప్పుని లోపల దాచిపెట్టినట్టే. పొయ్యి మీద మంచినీళ్లు మరగబెట్టి, తుపాకీని భాగాలుగా విప్పి, గొట్టంలోంచి ఆ వేణ్నీళ్లు పోసేవాళ్లం. ఇనుము వేడెక్కి తనంతట తానే ఆరిపోయేది. ఆ తరవాతే కిరసనాయిలు, ఆ తరవాతే నూనె. పాత తూటాలు కాల్చినప్పుడు గొట్టంలో మిగిలే మసికీ ఇదే మందు, ఎందుకంటే వాటి టోపీల్లోని మందు కూడా ఉప్పులాంటి పదార్థాన్నే వదిలేది. చాలా తుపాకుల స్ప్రింగులు అప్పటికే తుప్పు తినేసి విరిగిపోయాయి. కొన్ని లేచాయి. లేవనివాటిని ఆయన అలాగే కడిగి, తుడిచి, నూనె పూసి తిరిగి ఇచ్చాడు.

కొట్టు మూతపడింది తుపాన్లతో కాదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ చట్టంలో మొదట వేట లైసెన్సులకి చోటుండేది, కొన్ని పిట్టలని సీజన్లో కొట్టుకోనిచ్చేవారు. 1991 సవరణతో ఆ దారీ మూసుకుపోయింది. 1989లో కృష్ణ ముఖద్వారం దగ్గరి మడ అడవులు అభయారణ్యం అయ్యాయి. 1999లో కొల్లేరు అయింది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. వేటే లేనప్పుడు తుపాకీకి పనేముంది, మేస్త్రికి పనేముంది. చిన్నతాత చివరి రోజుల్లో హార్బరు బోట్ల పంపుల స్ప్రింగులు బాగుచేసేవాడు. చేతుల నేర్పు తగ్గలేదు. పని చిన్నదైపోయింది.

నాకు ఆ వేట తిరిగి రావాలని లేదు. ఇది మొహమాటానికి అంటున్న మాట కాదు. కొల్లేరు ఒడ్డున సంతల్లో పరజల్ని కాళ్లు కట్టి గుత్తులుగా వేలాడదీసి అమ్మడం నా కళ్లతో చూశాను. ఒక్క షికారుకి నీళ్లలో పడిన సీసపు గుళ్లు ఏళ్ల తరబడి బురదలో ఉండిపోతాయి. గులకరాళ్లనుకుని వాటిని మింగిన బాతులు విషమెక్కి చస్తాయి. ఇవాళ ఆటపాక దగ్గర గూడబాతులు ఇనప చట్రాల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతుంటే చూడటానికి బస్సుల్లో పిల్లలు వస్తున్నారు. తుపాకీ మోత కంటే ఆ పిల్లల కేరింతలే ఆ చెరువుకి మేలు.

నాకు బాధ కలిగించేది వేరు. వేటతో పాటు ఆ చేతిపని కూడా పోయింది. మసి పూసి మరక చూసి, మరకున్నంత మేరకే గీకే ఓర్పు పోయింది. లోపం ఎక్కడుందో తేలేదాకా ఆకురాయి ముట్టుకోని క్రమశిక్షణ పోయింది. చిన్నతాత ఒక్క ముక్క రాసిపెట్టలేదు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లూ రాయలేదు. నేను రాసిన ఈ నాలుగు పేజీలు ఆయన చేతుల్లో ఉన్నదానిలో వందో వంతు కూడా కాదు. గన్నవరంలోనో తెనాల్లోనో ఒంగోల్లోనో ఇంకా అలాంటి ముసలి మేస్త్రులు ఉండే ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోండి. తుపాకీ కోసం కాదు, ఆ పద్ధతి కోసం.

ఇంకొక్క మాట, ఇది దివిసీమ, గుడివాడ, బందరు వైపు పాత ఇళ్ల వాళ్లకి ప్రత్యేకం. మీ తాతగారి తుపాకీ అటక మీద గుడ్డలో చుట్టి ఉంటే, దాన్ని దించి ట్రిగ్గర్ నొక్కి చూడకండి. లైసెన్సు ఆయన పేరున ఉండి ఆయన లేకపోతే, ఆ తుపాకీ మీ దగ్గర ఉండటం చట్టప్రకారం నేరం. ఆలస్యం చెయ్యకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లో కానీ, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గర కానీ డిపాజిట్ చెయ్యాలి. వారసులెవరికైనా లైసెన్సు కావాలంటే ఆ తరవాత దరఖాస్తు పెట్టుకోవచ్చు. తుపాకీని ఇచ్చేటప్పుడు అందులో తూటా లేదని మీరూ, తీసుకునేవాళ్లూ ఇద్దరూ వేలు పెట్టి చూసుకోండి.